నెమలిగడ్డ పడవ

దిల్‌సుఖ్‌నగర్, ఫిబ్రవరి 9

సైదమ్మత్తకు మేనల్లుడు సీతారాములు నమస్కారాలు.

నువ్వు బాగున్నావనుకోవడమే తప్ప కనుక్కునే దారి లేదు. నీ నంబర్‌కు ఎన్నిసార్లు కొట్టినా అందుబాటులో లేరని ఎవరో అమ్మాయి చెప్పడం, నేను ఆ అమ్మాయి మీద అరవడం, నాగేశ్వరి నన్ను చూసి నవ్వడం. రేవు దగ్గర నర్సయ్య కొట్టు పేరున పోస్టు వేస్తే అంతయ్య తన పడవలో నీకు చేరుస్తాడని గుర్తు చేసింది కూడా మీ కోడలే. అందుకే ఈ కాగితం.

సంగతేమిటంటే, మొన్న మా సారు ప్రసన్నకుమార్ గారితో కారులో వెళ్తూ ఎల్బీనగర్ చౌరస్తాలో ఇరుక్కుపోయాం. సారు శాసనమండలి సభ్యుడు, నేను ఆయన పీఏను, అయినా ముందున్న లారీకి ఆ మర్యాదేమీ తెలియదు. "ఎన్ని ఫ్లైఓవర్లు కట్టినా కదలం గదా సీతారాములూ" అని ఆయన విసుక్కున్నాడు. నాకూ ఒళ్లు మండి ఉంది. "సార్, మా మేనత్త ఊరికి పోవాలంటే సరైన పడవ కూడా లేదు" అన్నాను. ఏ ఊరన్నాడు. నెమలిగడ్డ అన్నాను. ప్రాజెక్టు కట్టినప్పుడు చుట్టూ నీళ్లొచ్చి గుట్ట మీద మిగిలిపోయిన ఊరనీ, అక్కడ మనుషులు ఉన్నారనీ, ఓట్లు కూడా వేస్తారనీ చెప్పాను. ఓట్లనేసరికి సారు ఇటు తిరిగాడు.

మండలిలో ప్రశ్న వేస్తానంటున్నాడు. సాయంత్రానికి మరిచిపోయే మనిషి, కాబట్టి నేను వెంటపడాలి. మీకు ఏం లేవో, ఏం కావాలో వెంటనే రాసి పంపు. వంకాయ ధరలూ మేకపిల్లల సంగతులూ తర్వాత రాద్దువుగాని.

నీ మేనల్లుడు,
సీతారాములు


నెమలిగడ్డ, ఫిబ్రవరి 21

అల్లుడు సీతారాములుకు అత్త దీవెనలు.

గిన్నేండ్లకు అత్త యాదికొచ్చింది, సంతోషం. ఉత్తరంల సగం మీ సారు ముచ్చట, సగం నీ కోపం. నాగేశ్వరికి దగ్గు తగ్గిందా లేదా ఒక్క ముక్క రాయవైతివి. మేకపిల్లల ముచ్చట రాయద్దన్నవు గనుక రాస్త లేను. రెండు పుట్టినయ్.

ఏం కావాల్నని అడిగినవ్. అంగన్‌వాడీల ఊరందరి పిల్లలకు అక్షరాలు దిద్దిచ్చిన దాన్ని, నాకు రాసుడు కష్టమా? బడి ఉన్నది. పంతులు గాలి లేని దినం వస్తడు. నర్సమ్మ ఉన్నది. పడవంటే ఆమెకు గుండెదడ, ఒడ్డు మీదనే కూసోని మమ్ములనే రమ్మంటది. బియ్యం ఉన్నయ్. ఒడ్డుకు పోయి వేలిముద్ర వేస్తెనే ఇస్తరు. చూడబోతే అన్నీ ఉన్నయ్ అల్లుడా. నడుమ నీళ్లున్నయ్, అంతే.

అందుకే ఒక్కటే అడుగుత. ఇంజన్ పడవ గావాలె. పైన కప్పుండాలె, మనిషిని పండవెట్టే జాగ ఉండాలె.

మా కృష్ణ పెండ్లాం యాదలక్ష్మికి మళ్ల నెల తప్పింది. పోయిన కాన్పు సంగతి నీకెరుకే. ఎదురుగాలికి అంతయ్య, కృష్ణ ఇద్దరు తెడ్లు వేసినా పడవ ముందుకు పోలే. ఒడ్డు కండ్లకు కనవడుతనే ఉండె. మగపిల్లగాడు, ఏడ్వలే. అప్పటిసంది ఆ పిల్ల నీళ్ల దిక్కు మొఖం పెట్టి కూసోదు. నీళ్ల నడుమ ఊర్ల అది ఎట్ల కుదురుతది చెప్పు? గోడ దిక్కు తిరిగి కూసుంటది.

వానకాలం పోయేనాటికి నెలలు నిండుతయ్. అప్పటికి పడవ రావాలె. మీ సారు ఇంకేది అడగకున్నా సరే, గీ ఒక్కటి అడుగుమను.

మీ అత్త,
సైదమ్మ


దిల్‌సుఖ్‌నగర్, మార్చి 4

అత్తా,

నాగేశ్వరికి దగ్గు అలాగే ఉంది. చెరువు పక్కన ఇల్లు వద్దంటే వినలేదు, కిరాయి తక్కువని నేనే తెచ్చిపెట్టాను, ఆ మాట రోజూ వింటున్నాను. సరూర్‌నగర్ చెరువు దిగువన ఉండేవాళ్ల గోడలకు చెమ్మ ఉంటుందట, మా ఇంటాయన సాంబమూర్తి గారు అది కూడా సదుపాయమన్నట్టు చెబుతాడు. "గోడలు చల్లగా ఉంటాయండీ, కూలర్ అక్కర్లేదు" అని. తెనాలి వైపు మనిషి, కోపం రాదు, నాకు వచ్చే కోపమంతా వృథా.

ప్రశ్న పంపేశాం. నేనే రాశాను, విను: "నెమలిగడ్డ వాసులకు రాకపోకలకు తగిన పడవ సౌకర్యం లేదన్న విషయం వాస్తవమేనా? అయినచో, ఏర్పాటుకు ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమి?" సారు చదివి, ఇంత చిన్నదా అన్నాడు. చిన్నదైతేనే మంత్రి తప్పించుకోలేడని చెప్పాను.

జవాబు తయారు చెయ్యడానికి జిల్లా నుంచి ఆఫీసర్లు మీ ఊరొస్తారు. వాళ్లు రాసుకుపోయిందే మంత్రి చదువుతాడు. కాబట్టి వాళ్లు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ నోటి మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. నా పెళ్లిలో పప్పులో ఉప్పు తక్కువైందని వంటవాళ్లను ఏడిపించావు. ఆ సైదమ్మ కావాలి నాకు.

సీతారాములు


నెమలిగడ్డ, మార్చి 16

అల్లుడా,

వచ్చిన్రు! ముగ్గురు ఆఫీసర్లు, ఒక మేడం. గింత పెద్దోళ్లు మన గడ్డ మీద కాలు పెట్టుడు నేను ఎన్నడు చూడలే. అంతయ్య పడవకు రంగు వేసిండు, మీద కొత్త పరుపు పరిచినం. నేను ముందే చెప్పి పంపిన, గాలి లేని పొద్దుటి పూట తీస్కరా అని. నీళ్లు అద్దం లెక్క ఉండె. మేడం అయితే "ఎంత బాగుందమ్మా మీ ఊరు" అని ఫోటోలే ఫోటోలు.

నాటుకోడి కోసినం. జొన్నరొట్టెలు, చింతచిగురు పప్పు, చేపల పులుసు. ఉప్పు నేనే చూసిన. బడి ముంగట సున్నం వేసినం, పిల్లలు పాట పాడిన్రు. యాదలక్ష్మి కూడ లేచి గడపకు పసుపు రాసింది. మస్తు కడుపు నిండ తిన్నరు. పోయేటప్పుడు పెద్ద సారు, "అంతా మంచిదేనా అమ్మా, రాకపోకలకు ఏమన్న ఇబ్బందా?" అని అడిగిండు. ఏం లేదు సారూ, మంచిగున్నం, మీరు సల్లగ పోయి రాండ్రి అన్న. సంతకం అడిగిండ్రు, ఊరందరం పెట్టినం.

నీ మాట దక్కించిన. ఇగ పడవ ఎప్పుడొస్తదో రాయి.

మీ అత్త


దిల్‌సుఖ్‌నగర్, మార్చి 29

అత్తా,

నీకు దండం పెడుతున్నాను. కూర్చుని చదువు, ఎందుకంటే నేను నిలబడి రాస్తున్నాను, కూర్చుంటే కోపం దిగేటట్టు లేదు.

నిన్న మండలిలో మన ప్రశ్న వచ్చింది. మంత్రి లేచాడు. మొదటిదానికి జవాబు: "లేదండి." రెండోదానికి: "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు." అంతే. కూర్చున్నాడు. మా సారు లేచి గట్టిగా అడిగితే, "గౌరవ సభ్యులు ఒకసారి నెమలిగడ్డ వెళ్లి చేపల పులుసు తిని రావాలి" అన్నాడు. సభంతా నవ్వింది. మీరందరూ మంచిగున్నామని పెట్టిన సంతకాలు ఆయన చేతిలో ఉన్నాయి. అన్నింటికన్నా పైన నీదే ఉంది, గుండ్రంగా, ముద్దుగా, అంగన్‌వాడీ అక్షరాలతో.

సారు ఎల్బీనగర్ ఆఫీసు దగ్గర కారు దిగుతూ, "మీ అత్తకు పడవెందుకయ్యా, హోటల్ పెట్టిద్దాం" అన్నాడు.

ఏమైంది నీకు? ఏడాదికోసారి కూడా రాని మనుషులు ఇంటికొచ్చి ఇబ్బందేమిటని అడిగితే, ఏమీ లేదని చెప్తావా? యాదలక్ష్మి అక్కడే గడప దగ్గర ఉందన్నావు కదా! ఆ పిల్లను చూపించైనా చెప్పలేకపోయావా?

సీతారాములు


నెమలిగడ్డ, ఏప్రిల్ 9

సీతారాములూ,

నీ ఉత్తరం అందింది. అత్తకు గిట్ల రాసే మొగోడివి ఎప్పుడైనవ్?

నువ్వు పట్నంల ఉండి ఉండి మన కట్టుబాటు మరిచినట్టున్నవు. ఏరు దాటాల్సిన మనిషికి కష్టం చెప్పద్దు. ఏడ్చుకుంట సాగనంపద్దు. పడవెక్కెటోని మనసు మీద బరువు పెడితె నీళ్లు ఊకుంటయా? మీ నాయన సుత ఈ గడ్డకు వచ్చి పోయేటప్పుడు, మా ఆయన పానం బాగలేకున్నా, మంచిగున్నడనే చెప్పి పంపిన. ఒడ్డెక్కినంక మనిషితోని కబురు చేసిన. ఇది ఎవలో రాసిన రూలు కాదు, మేము బతికే తీరు. ఆఫీసర్లయితే మాత్రం? ఆ మేడం పడవల భయపడుకుంటనే వచ్చింది. ఆమెను పట్టుకొని, బిడ్డా, గీ నీళ్లల్లనే మా మనుమడు పోయిండు అని చెప్పి, మళ్ల గవే నీళ్ల మీద ఎక్కియ్యాల్నా? నా నోట్ల నుంచి వస్తదా ఆ మాట?

ఇగ యాదలక్ష్మిని చూపించుడట! ఆమె సంతలున్న బర్రెనా?

నీకంత తెలివుంటే నువ్వే వచ్చి పక్కన నిలవడాల్సింది. ఎన్నేండ్లాయె నువ్వు మా గడ్డకు రాక? నీకు గాలి ఎక్కువైతదేమో.

కోడికి, చేపలకు ఊరందరం తలా ఇంత వేసుకున్నం. మళ్ల నవ్వులపాలైనం. గిదేం న్యాయం అల్లుడా. ఆఫీసర్లను ఒడ్డు మీద కూసోవెట్టి అడుగుమను. ఒడ్డు మీద అయితే నేను చెప్త. పొద్దు గూకేదాక చెప్త.

సైదమ్మ


దిల్‌సుఖ్‌నగర్, ఏప్రిల్ 22

అత్తా,

నీ ఉత్తరం నాగేశ్వరికి చదివి వినిపించాను. మొత్తం విని, "తప్పు నీదే" అంది. ఎలా అంటే చెప్పదు, దగ్గుతుంది.

సరే, తప్పు నాదే. ఆ కట్టుబాటు నాకు గుర్తు లేదు. కానీ అత్తా, ఇదంతా మంత్రికి చెబితే ఇంకోసారి నవ్వుతాడు. ఒక ఊరు కష్టం చెప్పుకోవడానికి కూడా ఒడ్డు చేరాలట అంటాడు.

అయినా నువ్వు చివర్న రాసిన మాట నన్ను పట్టుకుంది. సారు దగ్గరికి పోయి అదే చెప్పాను. మండలికి అర్జీల కమిటీ అని ఒకటుంది. వాళ్లను రేవు దాకా తీసుకొస్తాం. గడ్డ మీదికి ఎవరూ రారు. మీరే దాటి రండి. నర్సయ్య కొట్టు ముందు కూర్చోబెడతాను. వాళ్లు తిరిగి పోవాల్సింది కార్లో, ఏరు దాటేది లేదు. ఇక నీ ఇష్టం. సారు మొదట ఒప్పుకోలేదు, పులుసు మాట ఎత్తి పది నిమిషాలు తిట్టాడు. తిట్టాక సరేనన్నాడు. కమిటీ కదలడానికి జూలై అవుతుంది.

అన్నం మాత్రం తేవద్దు.

సీతారాములు


నెమలిగడ్డ, ఆగస్టు 5

అల్లుడా,

అన్నం తేలే. చాయ్ తాపినం, అది లెక్కల రాదు.

నువ్వు సారు వెనక నిలవడి చూస్తనే ఉన్నవు గనుక ఎక్కువ రాయ. కాని నాకైతే కడుపుల సల్లవడ్డది. కమిటీ అధ్యక్షుడు, ఆ తెల్లజుట్టు సారు, "క్లుప్తంగా చెప్పండమ్మా" అన్నడు. నువ్వు నవ్వుడు నేను చూసిన. మొత్తం చెప్పిన గద, పంతులు సంగతి, నర్సమ్మ సంగతి, ఎదురుగాలి సంగతి. నర్సమ్మ అక్కడ్నే ఉండి తల కిందికి వేసింది, పాపం, ఆమెను సుత ఏమన్లే. ఆఖరుకు యాదలక్ష్మి లేచింది. నేను చెప్పుమన్లే. "నాకు ఆ నీళ్లు చూస్తే భయమైతది సారూ, జల్ది దాటే పడవ ఇయ్యిండ్రి" అన్నది. గంతే అని కూసున్నది. ఇంటికొచ్చేటప్పుడు పడవల నా చెయ్యి పట్టుకునే ఉన్నది, కాని నీళ్ల దిక్కు ఒకసారి చూసింది.

మంత్రి పడవ ఇస్తనని సభల ఒప్పుకున్నడని నీ ఉత్తరం వచ్చినకాడ్నుంచి ఊర్ల అదే ముచ్చట.

ఇగ ఒక్కటి అడుగుత, ఆలోచించి రాయి. యాదలక్ష్మికి ఏడో నెల దాటింది. నెలలు నిండెదాక ఒడ్డుకు వాళ్ల అమ్మగారింటికి తోల్దామా అనుకుంటున్న. రేకుల అర్ర, మీద వదినె గులుగుడు. ఆ పిల్ల పోనంటది, ఇక్కడ్నే ఉంటనంటది. పడవ అప్పటికి వస్తదంటే ఉంచుకుంట. రాదంటే ఏడ్చినా సరే పంపుత. ఏది నిజమో అది రాయి.

మీ అత్త,
సైదమ్మ


దిల్‌సుఖ్‌నగర్, ఆగస్టు 24

అత్తా,

పంపకు! పడవ వచ్చేసింది. నా కళ్లతో చూశాను.

ఆదివారం పొద్దున అబ్దుల్లాపూర్‌మెట్ పోయాను. విజయవాడ రోడ్డు మీద ఒక యార్డులో పెట్టారు. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు, మండలి ఐడీ కార్డు చూపించాను, అయినా రానివ్వలేదు, మా అత్త పడవయ్యా అన్నాను, అప్పుడు గేటు తీశాడు. తెల్లగా ఉంది, పైన కప్పు, లోపల మనిషిని పడుకోబెట్టే బల్ల. ముందు నీలం అక్షరాలతో పెద్దగా నెమలిగడ్డ అని రాశారు. చేత్తో తడిమి చూశాను అత్తా. రంగు ఇంకా పచ్చిగా ఉండి వేలికి అంటింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను రాసిన ప్రశ్నకు ఇలా రంగు వేసి చూడడం ఇదే మొదలు.

సెప్టెంబర్ 15న మంత్రి గారే వచ్చి ప్రారంభిస్తారు. సారు కూడా వస్తాడు, నేనూ వస్తాను, గడ్డ మీదికే వస్తాను. యాదలక్ష్మి చెల్లెను ఎక్కడికీ కదిలించవద్దు. రేకుల గదిలో ఉడికించడం దేనికి? నా మాట నమ్ము.

సీతారాములు


దిల్‌సుఖ్‌నగర్, సెప్టెంబర్ 11

అత్తా,

పదిహేనున కావడం లేదు. మంత్రి గారికి ఢిల్లీ పని పడింది. కొత్త తేదీ ఇవ్వలేదు. ప్రారంభోత్సవం తర్వాత చేసుకోండి, ముందు పడవను పంపించండి మహానుభావా అని యార్డుకు ఫోన్ చేశాను, ఆఫీసుకు ఫోన్ చేశాను, ఫైలు ఉన్న చోటికి పోయి నిలబడ్డాను. ప్రారంభం కానిదే నీళ్లలో దించకూడదట. మా సారు కూడా, "పూలదండ లేకుండా దించితే మనం అడిగినట్టు ఎవరికి తెలుస్తుందయ్యా" అన్నాడు. ఆయన మీద మొదటిసారి గొంతు లేపాను. బయటికి పొమ్మన్నాడు. పోయాను. మెట్రో స్టేషన్ కింద చాయ్ తాగి మళ్లీ వచ్చాను, ఎక్కడికి పోతాను?

ఈ ఉత్తరం అందగానే చెల్లెను ఒడ్డుకు పంపెయ్యి. లేదా మా ఇంటికే తీసుకురా. ఆలస్యం చెయ్యకు.

సీతారాములు


నెమలిగడ్డ, సెప్టెంబర్ 18

అల్లుడా,

ఏంది గిది? పదిహేను నాడు పొద్దుగాలనుంచి ఊరంత రేవుల నిలవడ్డం. మామిడాకులు కట్టినం. పిల్లలు మళ్ల పాట నేర్చిన్రు. మాపటిదాక ఒక్క పురుగు రాలే. యాదలక్ష్మి కొత్త చీర కట్టుకొని బండ మీద కూసున్నది, నీళ్ల దిక్కు మొఖం పెట్టి. ఎన్ని దినాలకు అట్ల కూసున్నది! నేను ఆమె మొఖం చూడలేకపోయిన.

నీ దగ్గర్నుంచి ఉత్తరం సుత లేదు. నర్సయ్య వాళ్ల తమ్ముడు పోయిండని కొట్టు బంద్ పెట్టి ఊరికి పోయిండట. ఇది అంతయ్య బస్సు డ్రైవర్ చేతికిచ్చి వస్తనన్నడు. నువ్వు నమ్ముమన్నవు, నమ్మిన. రాకుంటే రాదని ఒక్క ముక్క చెప్పడానికి ఏమైంది? మీ సారు పులుసు మీద ఇంక కోపమున్నదా?

నీళ్లు నిండినయ్. గాలి మొదలైంది. జల్ది రాయి.

సైదమ్మ


నెమలిగడ్డ, సెప్టెంబర్ 29

అల్లుడు సీతారాములుకు దీవెనలు.

రేడియోల విన్న. సరూర్‌నగర్ చెరువు కాడ ఇండ్లు మునిగినయట, మనుషులు మేడల మీద ఉన్నరట. మీరు ఎట్లున్నరు? నాగేశ్వరిని తడవనియ్యకు, దగ్గు మనిషి. ధైర్నంగ ఉండుండ్రి.

ఇక్కడ అందరం మంచిగున్నం. యాదలక్ష్మి మంచిగున్నది. మా గురించి నువ్వు ఏం ఆలోచించకు. ఒడ్డుకు చేరినంక ఉత్తరం రాయి.

మీ అత్త


కొత్తపేట, అక్టోబర్ 4

అత్తా,

నీ ఉత్తరం చూసి ప్రాణం కుదుటపడింది. అందరూ బాగున్నారన్నావు, చాలు. చెల్లెకు కాన్పు అయిందా? అల్లుడా, కోడలా? అది రాయడం మరిచిపోయావు, నువ్వు కూడా నా లాగే అవుతున్నావు.

మేం చేరాం. కొత్తపేటలో నాగేశ్వరి అన్న ఇంట్లో ఉన్నాం. ఇంటి సంగతి అడగకు, బీరువాలో బురద, బియ్యం డబ్బాలో బురద. చెరువులోకి నీళ్లు పోయే కాలువ మీద ఇళ్లు కట్టారని ఎన్ని అర్జీలు పెట్టామో నాకే తెలుసు, సగం నేనే రాశాను. జవాబులు కూడా నాకు తెలుసు, లేదండి, ఉత్పన్నం కాదు.

రేవులో ఎదురుచూశామని నువ్వు రాసిన ఉత్తరం ఇరవై ఐదున అందింది, ఆ రాత్రే నీళ్లొచ్చాయి. కరెంటు పోయింది. సాంబమూర్తి గారింటికి పైకెక్కాం. మర్నాడు పొద్దున లేచి చూస్తే మా గల్లీ లేదు, మేం గడ్డ మీద మిగిలిన మనుషులం. "మా కృష్ణా వరదలు చూశాను గానండీ, ఇలా పార్కింగులోకొచ్చే వరద చూళ్లేదండీ" అన్నాడాయన. ఆ పూట ఆయనకు కూడా కోపం వచ్చింది. నాగేశ్వరికి ఊపిరి ఆడలేదు. మందు కింది ఇంట్లో మునిగిపోయింది. ఆ రోజంతా కేకలేస్తూనే ఉన్నాను. ఎవరూ రాలేదు.

ఇరవై ఏడు పొద్దున పడవ వచ్చింది.

అత్తా, ఇది నీకు రాయకుండా ఉండలేను. తెల్లటి పడవ. ముందు నీలం అక్షరాలు. నెమలిగడ్డ. నేను చేత్తో తడిమిన అక్షరాలే. ఇదెక్కడిదని అడిగితే, "యార్డుల ఖాళీగ ఉన్నదంటే మొన్న రాత్రి ఆర్డరొచ్చింది సార్, మీ ఏరియాల తిప్పుతున్నం. జల్ది ఎక్కుండ్రి" అన్నాడు నడిపేవాడు. పూలదండ లేకపోతే దించకూడదన్న పడవ, మా గల్లీలో ఏ దండా లేకుండా తిరుగుతోంది! ఇది మా అత్త వాళ్లదయ్యా, అక్కడ నెలలు నిండిన మనిషి ఉంది అని అరిచాను. "ఎవలదైతే ఏంది సార్, వెనక ఇంక మస్తు మంది ఉన్నరు" అన్నాడు. నాగేశ్వరి పెదాలు నల్లబడుతున్నాయి. ఎక్కాను. నేను ఎక్కాను అత్తా.

సాంబమూర్తి గారు చేతిలో చాయ్ గ్లాసుతోనే ఎక్కాడు. ఎంత బాగా పోయిందనుకున్నావు! ఆ చాయ్ చల్లారకముందే పెద్ద రోడ్డు మీద ఉన్నాం. నాగేశ్వరికి ఆక్సిజన్ పెట్టారు, ఇప్పుడు నయంగా ఉంది.

నీళ్లు పూర్తిగా తగ్గాయి. పడవ ఇప్పుడు మళ్లీ ఖాళీగానే ఉంది. ఈసారి పంపిస్తారట. సిగ్గు లేకుండా రాస్తున్నాను.

సీతారాములు


నెమలిగడ్డ, అక్టోబర్ 13

అల్లుడు సీతారాములుకు,

ఒడ్డెక్కినవు, నాగేశ్వరి బాగున్నది. ఇగ చెప్పచ్చు.

నువ్వు మేడ మీద ఉండి కేకలేసిన్నాడే, ఇరవై ఆరు పొద్దుగాల, యాదలక్ష్మికి నొప్పులు మొదలైనయ్. గాలి ఆగుతదేమోనని జరసేపు చూసినం, ఆగలే. అంతయ్య పడవలనే పండవెట్టుకొని బయలెల్లినం. అంతయ్య, కృష్ణ తెడ్లేసిన్రు, నేను నీళ్లు తోడిన. నడుమల తెడ్డొకటి విరిగింది. యాదలక్ష్మి కండ్లు మూసుకోని, "ఒడ్డెంత దూరమున్నది అత్తమ్మా" అని అడుగుతనే ఉన్నది. వచ్చినం బిడ్డా, వచ్చినం అని చెప్పుకుంటనే వచ్చిన. పడవలనే పుట్టింది. ఆడపిల్ల. నర్సమ్మ మోకాళ్ల దాక నీళ్లల్లకు ఉరికొచ్చి అందుకున్నది, ఎప్పుడు నీళ్లు తొక్కని మనిషి. శానా సేపు కొట్లాడింది. పిల్ల ఏడ్వలే.

యాదలక్ష్మి దవాఖానల ఉండి వచ్చింది. బతికింది.

ఆమెను ఒడ్డుకు పంపెయ్యి అని నువ్వు రాసిన ఉత్తరం నర్సయ్య కొట్టు తలుపు సందుల దొరికింది, అన్నీ అయినంక.

మంచిగున్నమని అబద్ధం ఎందుకు రాసినవంటవేమో. నువ్వు నీళ్ల నడుమ ఉన్నవు. ఎట్ల చెప్పుదు? పడవెక్కినందుకు సిగ్గన్నవు. ఏం మాట అది? ఎక్కకపోయి నాగేశ్వరిని చంపుకుంటే నేను ఊకుందునా? నా కోపం నీ మీద కాదు. దండ కోసం ఆగినోని మీద, ఆపినోని మీద. మా ఊరి పేరు చదువుకుంట నడిపిండు గద, అది ఏడుందని ఒక్కలన్న అడగలేదు, దాని మీద. ఆ కోపం ఏడ పెట్టాల్నో తెలుస్త లేదు అల్లుడా.

పడవ వస్తే రానియ్యి. మంత్రి వస్తడంటివి, రమ్మను. ఈసారి కోడి కోయ. ఏరు దాటాల్సిన మనిషి అని సుత చూడ. కాలు కింద పెట్టకముందే చెప్త. మా కట్టుబాటు నాతోనే పోనియ్యి.

నీ ఉత్తరం యాదలక్ష్మికి చదివి వినిపియ్యద్దనుకున్న. నా చేతిల చూసి, చదువుమన్నది. గోడ దిక్కు తిరిగి పండుకోనే విన్నది. తెల్ల పడవన్నప్పుడు ఇటు తిరగలే. మన ఊరి పేరన్నప్పుడు తిరగలే. మీ ఇంటాయన చాయ్ ముచ్చట కాడికొచ్చినంక ఇటు తిరిగింది.

"చాయ్ సల్లారకముందే అన్నడా?" అని అడిగింది.

అవునన్న.

"అది మళ్లొక్కసారి చదువు అత్తమ్మా" అన్నది.

మళ్ల చదివిన.

మీ అత్త,
సైదమ్మ